ముందు పేరు, వెనక పేరు

"ఏయ్, యెవురప్పా నువ్వు? పాప మీద చెయ్యి పెట్టొద్దు!"

సత్యానందం ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నిజానికి ఆ చెయ్యి పసిబిడ్డ మీద పెట్టదగ్గట్టు లేదు. మోచేతి దాకా బొగ్గు మసి. పుంగనూరు నుంచి మదనపల్లెకు నడిచే బస్సులో అతను కండక్టరు. యుద్ధం వచ్చాక పెట్రోలు దొరక్క, బస్సు వెనక పొయ్యి బిగించి బొగ్గుతో నడుపుతున్నారు. టికెట్లు ఇచ్చేదీ, పొయ్యిలోకి బొగ్గు ఎగదోసేదీ అతనే. మదనపల్లెలో బస్సు గంటసేపు ఆగుతుంది. ఆ గంటలో మిషన్ ఆసుపత్రికి పరుగెత్తి, తల్లిలేని పిల్లల వార్డులో మూడో ఉయ్యాల దగ్గర నిలబడటం అతనికి ఎనిమిది రోజులుగా అలవాటయింది.

తిరిగి చూశాడు. వాకిట్లో ఒక అమ్మాయి. ప్రయాణంలో నలిగిన తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. ఆ కళ్ళలోనే అంత కోపం కూడా ఎలా పట్టిందో అతనికి అర్థం కాలేదు.

"నేను పాపకు చిన్నాయన్ను," అన్నాడు. "నువ్వెవురు?"

"చిన్నమ్మను."

పక్క ఉయ్యాల ఊపుతున్న ఆయా తిమ్మక్క తలెత్తి, "చిన్నాయన, చిన్నమ్మ ఇద్దరూ వచ్చిండారు, ఇంగ పాపకేం తక్కువ," అనేసింది. ఆమె ఏ చెడ్డ ఉద్దేశంతోనూ అనలేదు. కానీ ఇద్దరూ చెరో గోడ వైపు చూశారు.

ఆ అమ్మాయి సుహాసిని. కుప్పంలో మిషన్ బడి టీచరు. ఆమె అక్క గ్లోరీని సత్యానందం అన్న సత్యవేదానికిచ్చి రెండేళ్ళ క్రితం పెళ్ళి చేశారు. అప్పుడు సత్యానందం బెంగళూరులో మోటారు పని నేర్చుకుంటున్నాడు, సెలవు దొరకక పెళ్ళికి రాలేదు. అందుకే ఒకరి ముఖం ఒకరికి తెలియదు. సత్యవేదం కాంపౌండరు. పోయిన ఏడాది పట్టాళం ఆసుపత్రిలో చేరి బర్మా సరిహద్దుకు పోయాడు. ఈ మార్చి నెలలో గ్లోరీకి ఆడపిల్ల పుట్టింది, పుట్టిన మూడో రోజున గ్లోరీ పోయింది. కుప్పానికి ఇచ్చిన తంతి అందేసరికి మట్టి చేసి రెండు రోజులయింది.

"మా అక్కను యాడ పెట్టినారు?" అని అడిగింది సుహాసిని. కోపం పోయి గొంతు చిన్నబోయింది.

అతను ముందు నడిచాడు. ఆసుపత్రి వెనక మిట్ట మీద కొత్త మట్టి దిబ్బ చూపించి, దూరంగా నిలబడ్డాడు. ఆమె ఆ మట్టి మీద చెయ్యి పెట్టి "గ్లోరీ అక్కా, గ్లోరీ అక్కా" అని పిలుస్తూ కూర్చుంది.  వదిన పోయిన దగ్గర నుంచి తమ ఇంట్లో ఆ పేరు ఎవరూ నోటితో అనలేదని సత్యానందానికి అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ రోజు బస్సు అరగంట ఆలస్యంగా కదిలింది. డ్రైవరు చేత చీవాట్లు తిన్నాడు, ఎందుకు ఆలస్యమయిందో మాత్రం చెప్పలేదు.

మూడు వారాలకు అన్న దగ్గర నుంచి జాబు వచ్చింది. సగానికి సగం సెన్సారు వాళ్ళు నల్లసిరా పూశారు. మిగిలిన సగంలో ఇలా ఉంది: "నేను వచ్చేదాకా పాప బాప్తిస్మం ఆపొద్దు. ఎప్పుడొస్తానో నాకే తెలియదు. ఒక పేరు మన ఇంటిది, ఒక పేరు వాళ్ళ ఇంటిది పెట్టండి. ఏది ముందో ఏది వెనకో నువ్వూ సుహాసినీ పొందిక చేసి రాయండి. ఇక్కడ రాత్రులు నేను ఏ పేరు పెట్టి ప్రార్థన చేసుకోవాలో తెలియక అల్లాడుతున్నాను."

పాప ఉయ్యాలకు కట్టిన అట్టముక్క మీద 'గ్లోరీ పాప' అని మాత్రమే ఉంది. మే నెల ఆఖరి ఆదివారం పుంగనూరు గుడిలో బాప్తిస్మం అనీ, ఆపైన పాపను ఇంటికి తెచ్చుకోవచ్చనీ పాస్టరు దేవరాజులు అయ్యగారు చెప్పారు. ఆ లోపల పేరు కుదరాలి.

అలా మొదలయ్యాయి కార్డులు.

కుప్పం నుంచి మొదటి కార్డు గుండ్రటి టీచరు అక్షరాలతో వచ్చింది. "రూత్ సుగుణ. మార్తా వనజ. ఎలిజబెత్ కమల. మీ అభిప్రాయము తెలియజేయగలరు."

సత్యానందం జవాబు రాశాడు. "టీచరమ్మ గారికి. మూడు పేర్లూ బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి గట్టిగా పిలిచి చూసినాను. రూత్ సుగుణ అంటే బస్సు శబ్దంలో నాకే వినపడలేదు. ఎలిజబెత్ కమల అని ముగించేసరికి చెరువు కట్ట దాటిపోయినాము. మార్తా వనజ బాగానే వినిపించింది గానీ, బస్సులో నిజంగానే ఒక వనజమ్మ ఉండింది. ఆమె మొగుడు నా చొక్కా పట్టుకున్నాడు."

"పాప పేరు బస్సులో కేకలు వెయ్యడానికి కాదు," అని వచ్చింది జవాబు.

"పేరు ఉండేదే కేకెయ్యడానికి," అని ఇతను రాశాడు. "వాకిట్లో నుంచి, బావి కాడ నుంచి, పొలం గట్టు మీద నుంచి. ఊరికే రాసిపెట్టుకునేటట్టయితే పాపకు బస్సు మాదిరి ఒక నెంబరు చాలు."

దానికి ఆమె వారం దాకా జవాబు రాయలేదు. తర్వాతి కార్డులో ఆరు పేర్లు పంపి, కింద చిన్నగా "ఇవి గట్టిగా పిలిచి చూసే పంపుతున్నాను, మా నాయన ఏమయిందోనని పరుగెత్తుకొచ్చినాడు," అని రాసింది. ఆ ఒక్క వాక్యాన్ని సత్యానందం పొయ్యి వెలుగులో పదిసార్లు చదివాడు. బొగ్గు ఎగదొయ్యడం మర్చిపోతే బస్సు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

రెండు వారాలకొక శనివారం ఆమె మదనపల్లెకు వచ్చేది. ఆ శనివారాల్లో అతను ఆసుపత్రి కొళాయి దగ్గర సబ్బు పెట్టి మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కునేవాడు. ఉయ్యాలకు ఆ వైపు ఆమె, ఈ వైపు అతను. పాప ముందు పేర్లు ఒక్కొక్కటే పిలిచేవాళ్ళు. లీలావతి మేరీ అంటే పాప ఆవలించింది. డోర్కస్ అంటే ఏడ్చింది. "దీనికి నీ మాదిరే కోపం జాస్తి," అన్నాడతను. "మసి చేతుల వాళ్ళను చూస్తే ఎవురికైనా వస్తాది," అంది ఆమె, అప్పటికి ఆ చేతులు తెల్లగా ఉన్నా. నవ్వబోయి ఇద్దరూ ఒకేసారి ఆపుకున్నారు. నవ్వడం తప్పేమో అనిపించే రోజులవి. గోడ అవతల మిట్ట మీద మట్టి ఇంకా కొత్తగానే ఉంది.

ఏప్రిల్ ఆఖరున వచ్చిన కార్డులో పేర్ల పట్టిక లేదు.

"ఇన్నాళ్ళూ మీకు నిజం రాయలేదు. నాకు కావలసిన పేరు ఒక్కటే. గ్లోరీ. ముందు పెట్టినా సరే, వెనక పెట్టినా సరే. మా అక్కకు పటం లేదు, ఒక్క నగ లేదు, ఆఖరి చూపు కూడా నాకు దక్కలేదు. పేరొక్కటే మిగిలింది. అది కూడా మీ ఇంట్లో వినపడకుండా పోతే నేను తట్టుకోలేను."

సత్యానందం ఆ కార్డు అమ్మకు చదివి వినిపించాడు. అతని తల్లి కృపమ్మ మనిషి మెత్తనే గానీ మాట గట్టి. చేటలో రాగులు చెరుగుతున్నది ఆపేసింది.

"పురిట్లో పోయినదాని పేరు పసిబిడ్డకు పెడతారంట్రా? నోట్లో నుంచి ఎట్ల వచ్చె ఆ మాట? పెద్ద మనవరాలికి అవ్వ పేరు పెట్టేది మన ఇంటి వాడుక. కృప అని పెట్టండి. వెనక ఆ యమ్మి ఏదన్నా పెట్టుకోనీ. ఆ పేరు మాత్రం వద్దు."

అతను ఈ మాటలనే వీలైనంత మెత్తగా మార్చి రాశాడు. మెత్తదనం సరిపోలేదు. మే మొదటి శనివారం సుహాసిని మదనపల్లె పోకుండా పుంగనూరులోనే దిగి, దారి అడుక్కుంటూ నేరుగా కృపమ్మ ఇంటికి వచ్చింది. సత్యానందం ఆ రోజు బస్సు బాగాలేక ఇంట్లోనే ఉన్నాడు. ఆమెను వాకిట్లో చూసి లేచి పక్కకు జరిగాడు.

"అమ్మా," అంది సుహాసిని కృపమ్మ ఎదురుగా కూర్చుని, "మీ పేరు పెట్టొద్దని నేను అనలా. మా అక్క పేరు యాల వద్దంటాండారు?"

"మంచిది కాదు తల్లీ."

"మా అక్క మంచిది కాదా?"

"అయ్యో, అట్ల అనొద్దు!" కృపమ్మ ముఖం ఒక్కసారిగా కందిపోయింది. చాలాసేపు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఈ ఇంట్లో రెండేండ్లు ఉండింది. ఒక్కనాడు నాకు ఎదురు చెప్పలా. ఆ పేరు అనుకుంటే చాలు, ఆ ఆసుపత్రి మంచమే కండ్లకు కట్టినట్టు ఉంటాది. పొద్దుకు నూరుసార్లు ఆ పేరు పిలస్తా నేను ఎట్ల బతకాల? నువ్వే చెప్పు."

సత్యానందం తల వంచుకున్నాడు. అమ్మకు శకునాల పట్టింపు అనుకున్నాడే గానీ, దాని కింద ఇంత దుఃఖం ఉందని కొడుకై ఉండీ అతనికి తెలియలేదు.

సుహాసిని మెల్లగా అంది. "పిలవకపోతే మా అక్క ఇంగ యాడ ఉండాదమ్మా? ఇంగో మాట చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. కోడలు అత్త పేరు నోటితో అనకూడదు గదా. మా అక్క బతికుంటే, కృప అని పెట్టిన బిడ్డను తానే పిలవలేకపోయేది. ప్రార్థనలో ఆ మాట వస్తే దగ్గేసేదంట గదా?"

కృపమ్మ కన్నీళ్ళలోనే నవ్వింది. "దగ్గేది. దేవుని వాక్యం చదివేటప్పుడు గూడా ఆ మాట వస్తే 'మా అత్త పేరు' అని చదివేది. అయ్యగారు నవ్వలేక సచ్చేవాడు. 'అమ్మీ, దేవునికి మన కోడండ్ల మర్యాద తెలుసులే, పలుకు' అని నేనే అన్నా పలికేది కాదు."

"అంత మర్యాద ఇచ్చినదానికి బిడ్డ పేరులో సగం ఇయ్యకూడదా?"

 కృపమ్మ ఒళ్ళోని రాగుల చేట కింద పెట్టి, చేతులు దులుపుకుంది.

"సరే. ముందు నా పేరు, వెనక దాని పేరు. ఇంట్లో పిలిచేది మాత్రం నా పేరే. గుడిలో రెండూ కలిపి చెప్పాల. ఒకటి చెప్పి ఒకటి మింగితే నేను ఒప్పుకోను. తల్లి లేదు కాబట్టి బిడ్డను ఎత్తుకుని నిలబడేది నువ్వే, పేరు చెప్పేదీ నువ్వే. మాట తప్పకూడదు."

"తప్పను," అంది సుహాసిని.

పలమనేరు మీదుగా పోయే బస్సు కోసం ఇద్దరూ అంగడి చూరు కింద నిలబడ్డప్పుడు వాన మొదలయింది. ఎండాకాలపు వాన, పెద్ద పెద్ద చినుకులు. అప్పటిదాకా కాలుతున్న రోడ్డు మీద నుంచి ఆవిరి లేచింది. చూరు చిన్నది. తడవకుండా ఉండాలంటే దగ్గరగా నిలబడాలి. అతను సగం తడుస్తూనే దూరంగా నిలబడ్డాడు.

"తడస్తాండారు," అంది ఆమె.

"తడవనీ. మసి పోతాది." చూరు నుంచి కారే నీళ్ళ కింద చేతులు పెట్టి రుద్దుకున్నాడు. "సుహాసినీ, పాప పేరు కుదిరింది. ఇంగ కార్డులు రాయవేమో?"

"రాయాల్సిన పనేముంది ఇంగ?"

"ఒకటి ఉండాది." ఇన్నాళ్ళూ బస్సు మీద నుంచి ఊళ్ళ పేర్లు అరిచిన గొంతు ఇప్పుడు లేవనంటోంది. "నువ్వు మా ఇంటికే వచ్చేస్తే బాగుంటాది. పాప కోసరమని అడిగితే నువ్వు ఒప్పుకుంటావు, నాకు తెలుసు. అందుకే పాప కోసరమని అడగను. నా కోసరం అడుగుతాండాను."

ఆమె వాన వైపే చూస్తూ ఉండిపోయింది. మొహంలో ఏముందో అతనికి కనిపించలేదు. బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. అతను కిటికీ దగ్గరికి పోయాడు. ఆమె ఏదో అనబోయింది. ఈలోగా ఒక ముసలాయన కోళ్ళ గంపతో వచ్చి ఆమెకూ కిటికీకీ మధ్య కూలబడ్డాడు. బస్సు కదిలిపోయింది.

వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. కార్డు రాలేదు. పోస్టుమేను వెంకటముని రోజూ దూరం నుంచే తల అడ్డంగా ఊపుతూ పోయేవాడు. శనివారం ఆసుపత్రికీ ఆమె రాలేదు. బడిలో ఏదో పనుంటాదిలే అని తిమ్మక్క అంది. సత్యానందానికి ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. అక్క పోయిన దుఃఖంలో ఉన్న పిల్లను, పేరు ఒప్పించుకున్న గంటకే పెళ్ళి మాట అడిగాడు. బుద్ధి ఉన్నవాడు చేసే పనేనా అది? ఇక చూపించడానికి మొహం లేదనుకున్నాడు. పాప మాత్రం అతని వేలు పట్టుకుని వదిలేది కాదు. పాపను చూస్తే ఆమె కళ్ళే గుర్తొచ్చి ఇంకా బాధయ్యేది.

మే ఆఖరి ఆదివారం వచ్చింది. గుడిలో ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు చాపల మీద కూర్చున్నారు. కుప్పం నుంచి సుహాసిని, స్టేషనులో పని చేసే ఆమె తండ్రి చిన్నప్ప ముందు రోజే వచ్చి అయ్యగారి ఇంట్లో దిగారు. ముందు పలకరింపుల్లో ఆమె సత్యానందం వైపు చూడలేదు. అతనూ చూడలేదు, అంటే చూడనట్టు ఉన్నాడు.

దేవరాజులు అయ్యగారు ఇత్తడి పళ్ళెంలోని నీళ్ళ ముందు నిలబడ్డారు. సుహాసిని పాపను ఎత్తుకుని ముందుకు వచ్చింది. తండ్రి బదులుగా సత్యానందం పక్కన నిలబడ్డాడు.

"ఈ బిడ్డకు ఏమి పేరు పెడుతున్నారు?" అని అడిగారు అయ్యగారు.

సుహాసిని నోరు తెరిచింది. మాట రాలేదు. పెదవులు తడుపుకుంది. పాపను ఇంకొంచెం దగ్గరగా హత్తుకుంది.

"చెప్పమ్మా. ఏమి పేరు?"

"గ్లోరీ," అంది.

 ఆడవాళ్ళలో గుసగుస లేచింది. సత్యానందం తిరిగి ఆమె వైపు చూశాడు. మాట ఇచ్చింది. అమ్మ ఎదురుగా కూర్చుని తప్పనని చెప్పింది. ఇప్పుడు ఇంతమంది ముందు, దేవుని ముందు, మా అమ్మ పేరు తీసేసింది. తనకు ఇవ్వని జవాబు కూడా ఇదేనన్నమాట. ఈ ఇంటితో నాకు పొత్తు లేదు అని.

"ఇదేంది సుహాసినీ?" అన్నాడు గొంతు తగ్గించి. "మాట తప్పుతావా?"

ఆమె కళ్ళ నిండా నీళ్ళు. "ముందు పేరు మీరు చెప్పండి."

"నువ్వే చెప్తానంటివి గదా!"

"చెప్పాలనే వచ్చినా. ఇంటి కాడ నూరుసార్లు అనుకున్నా గూడా. ఈడ నిలబడినాక... నోరు రాలా." తల వంచేసింది. చెవుల దాకా ఎర్రబడిపోయింది.

అతనికి అప్పటికీ అర్థం కాలేదు. కోపంగా ఏదో అనబోయాడు కూడా. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి కృపమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. ఎవరో చెయ్యి పట్టుకుని ఆపబోతే విదిలించుకుని, చాపలు తొక్కుకుంటూ నేరుగా వచ్చేసింది. గొడవ ఖాయమని అందరూ అనుకున్నారు. అయ్యగారు కూడా ఒక అడుగు ముందుకు వేశారు.

కృపమ్మ సుహాసిని గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. 

"యమ్మీ, ఈ ఊర్లో ఎవురైనా నా పేరు పెట్టి పిలవొచ్చు. అయ్యగారు పిలుస్తాడు, అంగట్లో ఆయప్ప పిలుస్తాడు. పలకకూడనిది ఒక్క నా కోడలే. అవునా?"

 సుహాసిని అవునని తల ఊపింది.

"ఎప్పటి నుంచి?"

"ఆ వాననాడు అడిగినారు," అంది వినీ వినపడనట్టు. "కార్డు మీద రాసేదానికి సిగ్గయింది. పోస్టులో అందరూ చదువుతారు."

సత్యానందం పిచ్చివాడిలా నిలబడిపోయాడు. కృపమ్మ అతని వైపు తిరిగింది. "ఒరే మొద్దూ, నీకింగా అర్థం కాలేదా? గమ్మునుండి ముందు పేరు చెప్పు. ఆ యమ్మి చెప్పకూడదు." ఆపైన మగవాళ్ళ వైపు చూసి, "చిన్నప్పన్నా, నువ్వేమంటావు? ఇంగో బిడ్డను గూడా నా ఇంటికే అడుగుతాండాను. మొదటి బిడ్డను నేను కాపాడుకోలేకపోతిని. ఆ మాట నాకు తెలుసు," అంది. 

చిన్నప్ప తువాలుతో మొహం తుడుచుకున్నాడు. "అట్ల అనొద్దమ్మా. అది నీ చేతిలో లేకపాయె. దానికి నీ పేరు నోట రాకుంటే, ఇంగ నేను చెప్పేదేముండాది?"

అయ్యగారు గొంతు సవరించుకుని మళ్ళీ మొదటి నుంచి అడిగారు. "ఈ బిడ్డకు ఏమి పేరు పెడుతున్నారు?"

"కృప," అన్నాడు సత్యానందం.

"గ్లోరీ," అంది సుహాసిని.

నీళ్ళు నెత్తి మీద పడగానే పాప గుడి అదిరేటట్టు ఏడ్చింది. సత్యానందం గుడి పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు పక్కకు చూసి, సిరా చుక్క పడేశాడు. ఆ సాయంత్రమే అన్నకు జాబు రాయాలి. పేరు ఒక వాక్యంలో అయిపోతుంది, మిగతాది ఎట్ల రాయాలో అతనికి తోచలేదు.

గుడి బయట వేపచెట్టు కింద పాప ఏడుపు ఆపలేదు. సుహాసిని భుజం మీద వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. కృపమ్మ వెంటనే తిరుగుతూ, "ఇంటి కాడ నువ్వు దీన్ని ఏమని పిలుస్తావు?" అంది, తెలిసి తెలిసే.

"గ్లోరీ అనే, అత్తా. నాకు వేరే దారేముండాది?"

"పొద్దుకు నూరుసార్లా?"

"ఇంగా జాస్తి."

కృపమ్మ చేతులు చాచింది. పాపను గుండెకు ఆనించుకుంది. పెదవులు ఒకటి రెండుసార్లు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. సుహాసిని ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడింది, ఏమీ తొందరపెట్టలేదు. సత్యానందం మెట్ల మీద నుంచే చూస్తున్నాడు.

"గ్లోరీ," అంది కృపమ్మ పాప చెవి దగ్గర, చాలా మెల్లగా. మళ్ళీ ఒకసారి, ఈసారి అందరికీ వినపడేటట్టు, "గ్లోరీ, ఇంటికి పోదాం రామ్మా," అంది.